లయర్స్ డైస్‌లో ఒకట్లు జోకర్లా కాదా? అసలు సముద్రపు దొంగలు ఇది ఆడేవాళ్ళా?

గోదారి_కుర్రాడు:
వారాంతాల్లో నలుగురం కూర్చుని లయర్స్ డైస్ ఆడుతున్నాం. మనిషికి ఐదు పాచికలు, గ్లాసులో గిలకరించి బోర్లించి, ఎవరివి వాళ్ళు చాటుగా చూసుకుని, అందరివీ కలిపి "నాలుగు మూడ్లున్నాయి", "ఐదు మూడ్లున్నాయి" అని పెంచుకుంటూ పోవడం, నమ్మని వాడు "అబద్ధం" అనగానే గ్లాసులన్నీ ఎత్తడం, లెక్క తప్పినవాడికి ఒక పాచిక పోవడం. ఇంతవరకు గొడవ లేదు. ఒకట్లని జోకర్లుగా ఏ అంకె కిందైనా లెక్కేసుకోవచ్చని ఇద్దరు, కుదరదని ఇద్దరు. ప్రతిసారీ ఇదే రగడ. పైగా ఎక్కడ ఆపాలో, ఎక్కడ "అబద్ధం" అనాలో నాకు అంతుపట్టట్లేదు. ఇంకోటి, నిజం పైరేట్లు ఇది ఆడేవాళ్ళా?

సిక్కోలు_సుబ్బు:
రెండు రకాలూ ఉన్నాయి బ్రో, గిలకరించకముందే ఒక మాట అనుకోండి చాలు. పెరూ వాళ్ళ దూదో, దాన్నుంచి వచ్చిన పెరూడో రెండింట్లోనూ ఒకట్లు జోకర్లే. చైనా బార్లలో ఆడే పద్ధతిలో మాత్రం ఎవరైనా ఒకట్ల మీదే పందెం చెప్పారంటే ఆ రౌండుకి వాటి జోకర్ హోదా పోతుంది. నాకైతే జోకర్లతోనే ఇష్టం, అంకెలు పెద్దవై పందెం చాలాసేపు సాగుతుంది.

లెక్కల_మాస్టారు:
ఎక్కడ ఆపాలి అన్నారు కదా, అది చూద్దాం. జోకర్లు లేవనుకోండి, మీ గ్లాసు కింద మూడు ఐదులున్నాయి. మిగతా ముగ్గురి దగ్గర 15 పాచికలు, వాటిలో సగటున రెండున్నర ఐదులు. మీరు "ఐదు ఐదులు" అంటే బయట రెండుంటే చాలు, అది నూటికి 74 సార్లు ఉంటుంది. "ఆరు ఐదులు" అన్నారో, 47కి పడిపోతుంది. ఒక్క మెట్టుకే అంత తేడా! అందుకే పక్కవాణ్ణి ఆ ఆరో మెట్టు ఎక్కించేలా మీరు ఐదు దగ్గర ఆగాలి. జోకర్లుంటే అవే 15లో సగటు ఐదు అవుతుంది, కాబట్టి ఇదే లెక్క పట్టుకుని ఆడితే మునిగిపోతారు. ఇది కూడా ఎవరూ ఏమీ మాట్లాడకముందు లెక్క. మీకంటే ముందు ఒకాయన తనంతట తానే ఐదులు ఎత్తాడంటే ఆయన దగ్గర ఒకటో రెండో ఉండే అవకాశం ఎక్కువ, అది కూడా కలుపుకోండి.

ఓడరేవు:
పైరేట్ల సంగతి నేను చెప్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం. బార్తలోమ్యూ రాబర్ట్స్ అని వేల్స్ వాడు, 1722లో ఆఫ్రికా తీరంలో చనిపోయాడు. అతని ఓడలో కట్టుబాట్లు 1724లో లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలో ఒకటి, డబ్బు పెట్టి పేకాట గానీ పాచికలు గానీ ఆడకూడదు అని! ఓడలో ఒకరినొకరు కొట్టుకోకూడదు, తగువులుంటే ఒడ్డుకెళ్ళి కత్తి, పిస్తోలుతో తేల్చుకోవాలి అని ఇంకోటి. నెలల తరబడి ఒకే చెక్కల మీద బతికే ఆయుధాలున్న మనుషుల మధ్య పందెంలో పోయిన డబ్బు ఎంత ప్రమాదమో ఆ కెప్టెన్‌కి బాగా తెలుసు. పాచికలు తిరిగేవి కాబట్టే నిషేధం పెట్టాల్సి వచ్చింది. ఈ బొంకులాటని పైరేట్లతో కలిపి మనం తలుచుకోవడం మాత్రం ఎక్కువగా 2006 నాటి పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ రెండో భాగం వల్లే.

గోదారి_కుర్రాడు:
ఆ సినిమాలో తండ్రి, కొడుకు, ఇంకొకడు కలిసి ఈ ఆట ఆడే సీన్ చూసే మొదలుపెట్టాం అండీ. అందులో తండ్రి పన్నెండు ఐదులు అంటాడు, ముగ్గురికీ కలిపి ఉన్నవే 15 కదా, అంత వెర్రి పందెం ఎందుకు?

సిక్కోలు_సుబ్బు:
కావాలనే. ఎవరూ నమ్మని అంకె చెప్పి ఓటమి తన మీదకి లాక్కున్నాడు, కొడుకు బయటపడ్డాడు. అక్కడ ఒక్క రౌండే ఆట కాబట్టి చెల్లింది, మీ దగ్గర ఒక్కో పాచికా పోతుంటుంది కాబట్టి ఇలాంటి త్యాగాలు వద్దు. బొంకాలంటే మొదట్లోనే, చిన్న అంకె మీదే, మీ దగ్గర ఒక్కటీ లేని మూడ్లనో రెండ్లనో ఎత్తండి. మీ దగ్గర ఉన్నాయనుకుని అవతలివాళ్ళు వాటినే పెంచుకుంటూ పోతారు, పందెం తిరిగి మీ దాకా వచ్చేసరికి "అబద్ధం" అనండి.