నేలటూరు కరెంటులో నెల్లూరుకి వాటా ఉండాలా?

పెన్నా గట్టు:
1960లలో నెల్లూరులో కట్టిన థర్మల్ స్టేషన్ 30 మెగావాట్లే. ఇప్పుడు ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య కేంద్రం ఒక్కటే 2,400. ఎనభై రెట్లు! ప్రైవేటువి వేరే. అయినా అర్ధరాత్రి కరెంటు పోయి, నా రొయ్యల చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే, రొయ్య పైకి తేలేలోపు జనరేటరు దగ్గరికి పరిగెత్తేది నేనే. బూడిద మనకి, కరెంటు ఎవరికో. జిల్లాకి వాటా రాసివ్వాలి.

ఒంగోలు మాస్టారు:
తమ్ముడూ, తూము ఎత్తి ‘ఇంత మీకు’ అని వదలడానికి కరెంటేమన్నా కాలవ నీళ్లా? దూరాలకి కరెంటు మోసే 400 కేవీ లైనెక్కాక అందరిదీ ఒకటే. మా ప్రకాశంలో పెద్ద థర్మల్ కేంద్రమే లేదు, మోటార్లు ఆడుతూనే ఉన్నాయి. 1955లో ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైనప్పుడు ఒడిశా వాళ్లు ‘మా నీళ్లు, మా కరెంటు’ అని కూర్చుంటే?

పెన్నా గట్టు:
మంచి మాట ఎత్తారు మాస్టారూ. మాచ్‌ఖండ్‌లో ఒడిశాకి 30 శాతం రాసుకున్నారు కదా! వాళ్లకి రాస్తే న్యాయం, మేమడిగితే అత్యాశా?

ఒంగోలు మాస్టారు:
అది రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు, ఖర్చూ పంచుకున్నారు. జిల్లా ఏం పెట్టింది?

పెన్నా గట్టు:
భూమి పెట్టింది. చాలదా?

పాత లైన్‌మ్యాన్:
ఇద్దరూ కాస్త ఆగండి. నేలటూరులో ఎందుకు కట్టారు? పక్కనే కృష్ణపట్నం రేవు, బొగ్గు ఓడల్లో దిగుతుంది, చల్లబరచడానికి సముద్రపు నీళ్లు. అంతేగానీ నెల్లూరు మీద ప్రేమతో కాదు. ఇక చెరువుల దగ్గర రాత్రిపూట కరెంటు పోతోందంటే కొరత వల్లనే అనుకోవద్దు. ఉప్పుగాలికి, స్తంభాల మీద తీగని పట్టి ఉంచే పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. మంచు పడి అది తడిసిందా, ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, ట్రిప్ అయినట్టే. తెల్లారుజామున టార్చి వేసి చూస్తే పింగాణీ మీద నీలంగా చిటపటలాడేది. ఎండాకాలం వెళ్లగానే కడిగించే వాళ్లం. దానికితోడు చెరువులు పెరిగాయి, తీగ మాత్రం పాతదే. వాటా రాయించుకుంటే ఆ ఉప్పు రాలుతుందా అబ్బయ్యా? ఇంకో సబ్‌స్టేషన్ అడగండి, చెరువులకి విడి ఫీడరు అడగండి.

పెన్నా గట్టు:
అడిగాం అన్నా. అర్జీ ఇచ్చి ఏడాది అయింది. ‘ఎస్టిమేట్ వేస్తున్నాం’ అంటున్నారు. అందుకే వాటా అంటున్నా. కాగితం మీద హక్కుంటే ఆ ఎస్టిమేట్ అయినా కదులుతుందేమో.