తాగే కుర్రాడిది మెదడు తప్పా, బుద్ధి తప్పా?

సీలేరు గాలి:
మా తమ్ముడికి 19. ఇంజనీరింగ్ రెండో ఏడు. మొన్న హాస్టల్లో తాగి, ఎవడో "నీకంత దమ్ముందా" అన్నందుకు మొదటి అంతస్తు బాల్కనీ నుంచి దూకాడు. మడమ విరిగింది. పైగా పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. మానసిక వైద్యుడికి చూపిస్తే, వాడికి ఆగి ఆలోచించే గుణం చిన్నప్పటి నుంచీ తక్కువనీ, దాన్ని ఇంపల్సివిటీ అంటారనీ, ఇలాంటి పిల్లలకి తాగుడు త్వరగా అలవాటవుతుందనీ చెప్పారు. నాన్నది ఒకటే మాట: "అన్నీ వేషాలు. నాలుగు తగిలిస్తే దారికొస్తాడు." నిజంగా మెదడే కారణమైతే వాణ్ణి తిట్టడం అన్యాయం. కాకపోతే నేను వెనకేసుకురావడం తప్పు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. మీరేమంటారు?

పాత బడి పంతులు:
బాబూ, ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. దుడుకు పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవాళ్లు. వాళ్లలో కబడ్డీ జట్టుకి కెప్టెన్లయినవాళ్లున్నారు, తాగి చెడిపోయినవాళ్లూ ఉన్నారు. దుడుకు ఒకటే అయినప్పుడు బతుకులు రెండు రకాలుగా ఎందుకయ్యాయి? ఇంట్లో అడిగేవాళ్లుండటం, లేకపోవటం. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. కొట్టడం నేనూ ఒప్పుకోను. కానీ "నా మెదడు ఇంతే" అన్న మాట వాడి చేతికిచ్చారా, రేపటి నుంచి ప్రతి సీసాకీ అదే జవాబు. నా భయమంతా అదే.

వార్డు డ్యూటీ:
నమస్కారం మాస్టారూ. నేను మానసిక వైద్యంలో పీజీ చేస్తున్నాను. "ఆగు" అని చెప్పే భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. కొత్తదనానికీ, పందేలకీ, మెచ్చుకోళ్లకీ, హుషారునిచ్చే మెదడు రసాయనమైన డోపమిన్‌తో ఉరకలేసే లోపలి భాగాలు అంతకుముందే జోరందుకుంటాయి. ఇక మందు ఏం చేస్తుందంటే, మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పని పెంచి, ఉత్తేజపరిచే గ్లూటమేట్ పని తగ్గించి, ఆ "ఆగు" అనే భాగాన్నే మత్తులో ముంచుతుంది. అసలే అది తక్కువున్న కుర్రాడికి ఉన్న కాస్తా పోతుంది. బాల్కనీ మీద జరిగింది బహుశా అదే.

మీరడిగిన "రెండు రకాలు" పరిశోధనలోనూ ఉంది. 2010లో ఫిన్లాండ్ పరిశోధన ఒకటి 'నేచర్' పత్రికలో వచ్చింది. సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే రిసెప్టర్‌కి సంబంధించిన హెచ్‌టీఆర్2బీ అనే జన్యువులో ఒక మార్పు, తీవ్రమైన దుడుకుతనంతో హింసకు దిగిన ఖైదీల్లో ఎక్కువగా కనిపించింది. వాళ్లు ఆ నేరాల్లో చాలావరకు తాగిన మత్తులోనే చేశారు. అదే మార్పు ఉన్నవాళ్లు ఆ దేశంలో లక్షమందికి పైనే. ఎక్కువమంది మామూలుగానే బతుకుతున్నారు. జన్యువు ఒక్కటే మనిషిని అంతదూరం తీసుకెళ్లదు.

కడప కోడలు:
ఇల్లూ మెదడూ గురించి చెప్పారు గానీ ఊరి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ 21 నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. మా వీధి చివరి బెల్టు షాపులో వయసు అడగ్గా నేనెప్పుడూ చూడలేదు. మా మరిది పదిహేనేళ్లకే అక్కడ మొదలుపెట్టాడు. ఇప్పుడు ముప్పై, ఇంకా మానలేదు. మా అత్త ఏడవని రోజు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించడానికి ఎవరి మెదడూ పరీక్ష చేయించలేదు, సారా దొరక్కుండా చేశారు.

ఐస్‌లాండ్ సంగతి చదివాను. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 42 శాతం. 2016కి 5 శాతం. 20 ఏళ్లలోపు వాళ్లకి మందు అమ్మరు. పిల్లలు రాత్రిళ్లు బయట తిరగకుండా వేళ పెట్టారు. ఆటలకీ సంగీతానికీ డబ్బిచ్చారు. తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట ఇచ్చుకుని సంతకాలు చేశారు. పద్దెనిమిదేళ్లలో అక్కడి పిల్లల జన్యువులేం మారిపోలేదు కదా?

పాత బడి పంతులు:
అమ్మా, తల్లిదండ్రులు కలిసి మాట ఇచ్చుకోవడం నాకు నచ్చింది. మా బడిలో ఆ పని చేయలేకపోయాను. కానీ ఒట్టి మూసివేతను నమ్మకండి. 1995లో పెట్టిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆ మధ్యలో మా ఊళ్లోకి దొంగసరుకు ఎలా వచ్చేదో కళ్లారా చూశాను.

వార్డు డ్యూటీ:
అక్కా, మీ మరిది విషయం చాలా బాధగా ఉంది. పదిహేనుకి ముందు మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం, 20కి మొదలుపెట్టినవాళ్లలో 10 శాతం మద్యానికి బానిసలయ్యారని అమెరికాలో 1997లో ఒక లెక్క వచ్చింది. కాకపోతే త్వరగా మొదలుపెట్టేది దుడుకు పిల్లలే కావచ్చు. ముందు మందా, ముందు దుడుకా అన్నది ఆ ఒక్క లెక్కతో తేలదు. అందుకే నేను ఊరినీ మెదడునీ విడదీయను. దుకాణం అందరికీ ఒకటే దూరం, కానీ అక్కడికి ముందు పరిగెత్తేది కొందరే. అలాంటివాళ్లని పదమూడు, పద్నాలుగేళ్లకే గుర్తించి, ఎవరి స్వభావానికి తగ్గట్టు వాళ్లతో మాట్లాడే 'ప్రివెంచర్' అనే పద్ధతి ఉంది. గంటన్నర చొప్పున రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడటం, అంతే. లండన్ బడుల్లో దానివల్ల పిల్లల తాగుడు తగ్గింది. మాస్టారూ, మీ సామెతలో మొక్క అన్నది ఈ వయసే. అయితే ఏ మొక్క ఎటు ఒరుగుతోందో ముందు చూడాలి.

సీలేరు గాలి:
అందరికీ థ్యాంక్స్. రాత్రి తమ్ముణ్ణి అడిగాను, దూకేముందు ఏమనుకున్నావురా అని. "ఏమీ అనుకోలేదన్నా. కింద పడ్డాకే ఎత్తు కనపడింది" అన్నాడు. పక్క గదిలో నాన్న విన్నారు. ఏమీ అనలేదు. పీజీ గారూ, వాడు హాస్టల్‌కి వెళ్లిపోయాక రాత్రిపూట మళ్లీ తాగాలనిపిస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటారా?

వార్డు డ్యూటీ:
టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు ఇప్పుడే వాడి ఫోన్‌లో పెట్టండి. మీ నాన్నగారి ఫోన్‌లో కూడా.