వెర్సాయ్ బొమ్మలో ఆ ఆరుబయటిని ఏమందాం?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో ఝాఁ లె పోత్ర్ అనే చిత్రకారుడు 1676లో చేసిన ఒక ఎచింగ్ (రాగిరేకు మీంచి తీసే అచ్చుబొమ్మ) కింద రెండు లైన్ల తెలుగు వ్యాఖ్య రాయాలి. 1674 జూలై 4 రాత్రి వెర్సాయ్ రాజభవనం ఆవరణలో లూలీ అనే సంగీతకారుడి ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ‘ఆల్సెస్త్’ ఆడుతున్న దృశ్యం అది. ‘ప్రాంగణం’ అని రాశాను కానీ, చదువుతుంటే బస్టాండ్ ప్రాంగణమే గుర్తొస్తోంది. ఇంకో మాట చెప్పండి. అలాగే ఎచింగ్‌ని ‘చెక్కడం’ అనొచ్చా?

జవాబు: ‘ముంగిలి’ అనేయండి సర్. అచ్చ తెలుగు, టెన్షన్ లేదు.

ఇంకో జవాబు: ముంగిలి మంచి మాటే కానీ ఇక్కడ కుదరదండి. ముంగిలంటే ఇంటి ముందు జాగా, ముగ్గేసే చోటు. ఎవరైనా వచ్చి నిలబడొచ్చు. వెర్సాయ్‌లో ఆ సంగతే వేరు. బయటి గేటు దాటితే పెద్ద ఆవరణ, దాన్ని దాటితే ‘రాజావరణ’, ఆ పైన అన్నిటికన్నా లోపల, చిన్నగా, ‘చలువరాతి ఆవరణ’. మీ బొమ్మలో ఒపెరా ఆడుతున్నది ఇక్కడే. రాజావరణలోకి బండి మీద రావాలంటే అదో ప్రత్యేక హోదా. దానికి, పారిస్‌లోని లూవ్ర్ రాజభవనం పేరు మీద, ‘లూవ్ర్ మర్యాదలు’ అని పేరు. చలువరాతి ఆవరణకైతే ఏ బండీ వెళ్ళేది కాదు, మెట్లెక్కాల్సిందే. నేలంతా నలుపు తెలుపు రాళ్ళు, మూడు పక్కలా భవనం. అప్పటి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తండ్రి కట్టించిన పాత వేటబంగళా తాలూకు ఆవరణ అది. కొడుకు దాన్ని కూలగొట్టకుండా చుట్టూ కొత్త భవనం పెంచుకుంటూ పోయాడు. అందుకే అంత మహాభవనానికి గుండెకాయ లాంటి చోటు అంత ఇరుకు.

‘మండువా’ అందామంటే అది నాలుగు వైపులా మూసుకుని ఉంటుంది. నా ఓటు ‘హజారం’కి. రాజభవనం ముందరి భాగానికి మన పాత మాట అది. హంపీలో హజార రామాలయం రాజభవనాల మధ్యే ఉంది కదా, ఆ పేరు వెయ్యి అనే హిందూస్తానీ మాట నుంచి కాదు, ఈ హజారం నుంచే వచ్చిందని ఒక బలమైన వాదం ఉంది.

ప్రశ్న వేసినవారు: హజారం అంటే ఎంతమందికి తెలుస్తుందండి? నాకే ఇవాళ తెలిసింది.

ఇంకో జవాబు: నిజమే. అందుకే వ్యాఖ్యలో ‘చలువరాతి హజారంలో, ఆరుబయట’ అని రాయండి. పక్క మాటే అర్థం చెప్పేస్తుంది.

ఇక ‘చెక్కడం’ మాత్రం వద్దు. ఉలితో రాగిరేకుని తవ్వేది వేరే పని. ఎచింగ్‌లో రేకు మీద మైనం కలిసిన పూత పూసి, సూదితో పూతని మాత్రమే గీరుతారు. తర్వాత ఆమ్లం పోస్తే, పూత పోయిన చోట రాగిని తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం ఒత్తుతారు. ఫ్రెంచి వాళ్ళు దీన్ని ‘ఓ-ఫోర్త్’, అంటే ‘ఘాటు నీళ్ళు’ అంటారు. ఎచింగ్ అనే మాట కూడా, డచ్చి మీదుగా వెనక్కి వెళ్తే, ‘తినిపించు’ అనే జర్మన్ క్రియ దగ్గర తేలుతుంది. మనం తుప్పు తినేసింది, చెదలు తినేశాయి అనమూ? ‘ఆమ్లచిత్రం’ అని ఒక పుల్లటి మాట పుట్టించే కన్నా, ‘ఆమ్లం తిన్న రాగిరేకు మీంచి అచ్చు’ అని విడమరచడం నయం.

పైగా ఈ బొమ్మలో గీతల వల్ల తెలిసే ముచ్చట ఒకటుంది. రాత్రి కదా, కిటికీలన్నిటా దీపాలు. ఆ వెలుగంతా ఉత్త కాగితం తెలుపే. చీకటి కావాల్సిన చోట గీత మీద గీత పడింది. జనం వీపులు నల్లగా ముందుకొస్తే, రంగస్థలం వెనక భవనం మెరుస్తుంది.

మొదటి జవాబు: సరే, ముంగిలి వెనక్కి తీసుకుంటున్నా. కానీ ‘ఆరుబయట’ నాక్కూడా నచ్చింది.

ప్రశ్న వేసినవారు: ఇలా ఖాయం చేస్తున్నా: “వెర్సాయ్ రాజభవనం, చలువరాతి హజారంలో ఆరుబయట ‘ఆల్సెస్త్’ ప్రదర్శన, 1674. లె పోత్ర్ ఎచింగ్, 1676.” ఎచింగ్‌ని ఎచింగ్‌గానే ఉంచేశా, ఎవరూ తిట్టకండి.