కిల్లింగ్ జోక్: గొప్ప కథా, బార్బరాకు అన్యాయమా?

గోదారిగట్టు:
అలన్ మూర్ రాసి, బ్రయన్ బోలండ్ బొమ్మలు వేసిన ‘బ్యాట్‌మన్: ద కిల్లింగ్ జోక్’ (1988) మళ్ళీ చదివాను. ఒక్క చెడ్డ రోజు చాలు, ఎవడైనా పిచ్చివాడైపోతాడని బ్యాట్‌మన్ శత్రువు జోకర్ వాదం. అది రుజువు చేయడానికి పోలీసు కమిషనర్ గోర్డన్ కూతురు బార్బరాను ఇంటి గుమ్మంలో కాల్చి, బట్టలు విప్పి ఫొటోలు తీసి, తండ్రికి చూపిస్తాడు. అయినా గోర్డన్‌కి మతి తప్పదు. వాణ్ణి చట్టప్రకారమే పట్టుకోవాలంటాడు. సూపర్‌హీరో కామిక్స్‌లో ఇంత బిగువైన కథ నేను చదవలేదు.

నల్లసిరా:
ఏ ఎడిషన్? 2008లో బోలండ్ రంగులన్నీ మార్చేశాడు. పాతదాంట్లో జాన్ హిగిన్స్ వేసిన ఊదా, నారింజ రంగుల్లోనే ఆ పిచ్చి అంతా ఉంది. కొత్తది చూసి రివ్యూ రాస్తే ఒప్పుకోను.

వానచినుకు:
గోర్డన్ నిలబడ్డాడు, సరే. బార్బరా సంగతేంటి? ఆమె కూడా ముసుగు వేసుకుని నేరస్థులతో పోరాడిన బ్యాట్‌గర్ల్. తూటా దిగి కాళ్ళు చచ్చుబడ్డాక ఆస్పత్రి మంచం మీద కాసేపు కనిపిస్తుంది, అప్పుడూ నాన్న గురించే బెంగ.

గోదారిగట్టు:
కథ జోకర్‌ది, బ్యాట్‌మన్‌ది. చిన్న పుస్తకంలో అందరి బాధా పట్టదు. హింస భరించలేనివాళ్ళు చదవకపోతే సరి.

మూడోపేజీ:
చివర్లో బ్యాట్‌మన్ జోకర్‌ని చంపాడా లేదా? ముందది తేల్చండి.

నల్లసిరా:
ఎడిషన్ ఏదో ఇంకా చెప్పలేదు.

వానచినుకు:
భరించడం గురించి నాకు చెప్పకండి. బండి ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మా అక్క చక్రాల కుర్చీలో ఉంది. చూడ్డానికొచ్చినవాళ్ళు ఆమె ఎదురుగానే “పాపం, మీ నాన్న ఎలా తట్టుకుంటున్నారో” అనేవాళ్ళు. ఈ పుస్తకం చేసిందీ అదే. హింస ఎక్కువైందని నేననలేదు. దెబ్బ ఒకరికి, లెక్కలోకొచ్చే బాధ ఇంకొకరిదా?

గోదారిగట్టు:
మీ అక్క విషయం వింటే బాధగా ఉంది. కానీ సొంత బాధతో కొలిస్తే ఏ పుస్తకమూ నిలవదు. ఈ గాయం నుంచే కదా బార్బరా, చక్రాల కుర్చీలోంచే హీరోలకు సమాచారం అందించే ఆరకిల్ అయింది?

వానచినుకు:
ఆ పని మూర్ చేయలేదు. 1989లో జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ ‘సూసైడ్ స్క్వాడ్’ కామిక్‌లో ఆమెను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, సొంత పనీ సొంత పేరూ ఇచ్చారు. వాళ్ళ ఘనత దీనికి కట్టబెట్టకండి. మూర్ కూడా తర్వాత ఈ పుస్తకం మీద అసంతృప్తే చెప్పాడు.

గోదారిగట్టు:
రచయిత తర్వాత ఏమన్నా నాకనవసరం, పేజీలో ఉన్నదే చూస్తాను. కూతురికి అంత జరిగాక కూడా తండ్రి చట్టం అన్నాడు కాబట్టే జోకర్ ఓడాడు. అది తీసేస్తే కథే లేదు.

వానచినుకు:
పేజీలో ఉన్నదే చూద్దాం. ఆ ఫొటోల గురించి బార్బరా ఏమనుకుందో ఒక్క పేజీలో చూపించండి. నా మాట వెనక్కి తీసుకుంటాను.