ఆంప్ పెట్టించాక బ్యాటరీ దిగిపోతోంది, కొత్తది వేసినా అంతే

వైట్‌ఫీల్డ్ బండి
పొద్దున్నుంచి బేస్‌మెంట్‌లో బానెట్ ఎత్తుకుని కూర్చున్నా. బుర్ర పనిచేయట్లేదు. డిక్కీలో 3000 వాట్ల ఆంప్ (యాంప్లిఫయర్), 12 అంగుళాల సబ్ (బేస్ స్పీకరు) పెట్టించాను. అప్పట్నుంచి తెల్లారి సెల్ఫ్ కొడితే టక్ టక్‌మంటుంది తప్ప ఇంజన్ తిరగదు. బ్యాటరీ పాతదన్నారు, కొత్తది వేశా, అదీ అంతే. ఒకరు ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) పెద్దది వేయించమంటారు, ఒకరు కెపాసిటర్ అంటారు, ఒకరు రెండో బ్యాటరీ అంటారు. ఏది వేస్తే ఇది ఆగుతుంది? ఒక్కటి చెప్పండి, రేపే చేయించేస్తా.

14.4
ఏ కారు? బ్యాటరీ ఎన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్లు)? పొద్దున సెల్ఫ్ కొట్టకముందు ఎన్ని వోల్టులు? ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు ఎక్కణ్ణుంచి తీశారు?

బేస్ ప్రియుడు
2 ఫారడ్ కెపాసిటర్ వేయించు బ్రో. బేస్ కొట్టినప్పుడల్లా కరెంటు బ్యాటరీ మీద పడకుండా అదే చూసుకుంటుంది.

రాగి తీగ
ముందు ఆ 3000 అంకెను మర్చిపోండి. డబ్బా మీద రాసేది పీక్, అంటే క్షణకాలం ఇచ్చేది, దానితో లెక్కలు వేయకూడదు. ఆంప్ పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడండి. రెండు 30లు ఉంటే 60 ఆంపియర్లు. 13.8 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్ళేది 828 వాట్లు. క్లాస్ డీ ఆంప్ అయితే అందులో 80 శాతం దాకా స్పీకరుకి చేరుతుంది, అంటే సుమారు 660 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవరు). క్లాస్ ఏబీ అయితే ఇంకా తక్కువ, సగం వేడికే పోతుంది.

రెండోది వైరు. చవక కిట్లలో వచ్చేది సీసీఏ, అల్యూమినియం మీద రాగి పూత. బానెట్ నుంచి డిక్కీకి అయిదు మీటర్లు పడుతుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 8 గేజ్ అసలు రాగి వైరే అయినా 60 ఆంపియర్లకు దారిలో 0.6 వోల్టులు పోతాయి. అదే గేజ్ సీసీఏ అయితే దాదాపు 1 వోల్టు. 4 గేజ్ రాగి అయితే 0.25 దగ్గర ఆగుతుంది. వైరు కొన గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే.

14.4
వైరులో వోల్టేజి పడితే బేస్ తగ్గుతుంది, ఆంప్ వేడెక్కుతుంది. రాత్రంతా ఆపి ఉన్న కారులో బ్యాటరీ దిగదు. అడిగింది అది కాదు.

రాగి తీగ
దానివల్ల దిగుతుందని నేననలేదు. పునాదే తప్పయితే పైన ఏం వేసినా దండగని చెప్తున్నా. సన్న వైరుకి పెద్ద ఫ్యూజు వేసి ఉంటే కారే తగలబడుతుంది. అది చిన్న విషయమా?

కేఆర్ పురం ఆటో ఎలక్ట్రీషియన్
ఇద్దరూ ఆగండి. ఇక్కడ రెండు వేరు వేరు జబ్బులు ఉండొచ్చు, అందరూ కలిపేస్తున్నారు. ఒకటి, కారు ఆపాక కూడా ఏదో కరెంటు తాగుతూ ఉండటం. రెండు, నడిచేటప్పుడు ఖర్చయినంత ఆల్టర్నేటర్ తిరిగి నింపలేకపోవడం. మొదటిదానికి పెద్ద ఆల్టర్నేటర్ వేసినా, రెండో బ్యాటరీ వేసినా డబ్బు వృథా. అందుకే ముందు కొలవాలి.

సాయంత్రం పార్క్ చేసి, గంట ఆగి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. నిండా ఉంటే 12.6 చూపిస్తుంది, 12.2 అంటే సగం. పొద్దున మళ్ళీ చూడండి. సాయంత్రం బాగుండి పొద్దున పడిపోతే మొదటి జబ్బు. సాయంత్రమే 12.2, 12.3 ఉంటే రెండోది.

మొదటిదైతే ఇలా: బానెట్ తీసి, దాని లాచ్‌ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు చేయండి. తలుపులు లాక్ చేయండి, కీలెస్ తాళమైతే దూరంగా పెట్టండి. నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి, మీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టండి. అరగంట ఆగాలి, కారులో కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అంత పడుతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపుంటే మామూలే. మీటరు అలా ఉండగా కీ తిప్పొద్దు, స్టీరియో వేయొద్దు, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. ఎక్కువ చూపిస్తే బ్యాటరీ దగ్గరున్న ఆంప్ ఫ్యూజు తీయండి. అంకె అప్పుడు దభీమని పడితే దొంగ డిక్కీలోనే ఉన్నట్టు. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కొలిచేది) వాడాలంటే డీసీ చూపించేదే కావాలి, చాలావాటిలో ఏసీ మాత్రమే ఉంటుంది.

బేస్ ప్రియుడు
మరి కెపాసిటర్?

కేఆర్ పురం ఆటో ఎలక్ట్రీషియన్
1 ఫారడ్ కెపాసిటర్ 14.4 నుంచి 12 వోల్టులకు పడేలోపు ఇచ్చేది సుమారు 32 జౌల్స్ శక్తి. 800 వాట్లు లాగే ఆంప్‌కి అది సెకనులో ఇరవయ్యో వంతు కూడా రాదు. 2 ఫారడ్ అయితే దానికి రెట్టింపు, అంతే. హెడ్‌లైట్లు మినుకుమనడం కాస్త తగ్గొచ్చు. ఖాళీ అయ్యాక మళ్ళీ దాన్ని నింపేది కూడా ఆ ఆల్టర్నేటరే.

వైట్‌ఫీల్డ్ బండి
పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 35 ఏహెచ్ బ్యాటరీ. ఆంప్ మీద రెండు 30 ఫ్యూజులే ఉన్నాయి. వైరు మీద 8 అని ఉంది. సాయంత్రం 12.5, పొద్దున 11.7. నేను రాత్రి పాటలు కూడా పెట్టను, ఆఫీసుకి వెళ్ళి రావడమే. స్టీరియో కంపెనీదే, దాన్ని ముట్టుకోలేదు.

14.4
కంపెనీ స్టీరియో అని మొదటే చెప్పాల్సింది. చాలా కంపెనీ స్టీరియోలకు రిమోట్ వైరు బయటికి రాదు. మరి ఆంప్‌ని ఆన్ చేస్తున్నది ఏది? రాత్రి కారు లాక్ చేశాక డిక్కీ తెరిచి ఆంప్ లైటు చూడండి.

వైట్‌ఫీల్డ్ బండి
వెలుగుతోంది. చేయి పెడితే గోరువెచ్చగా ఉంది.

కేఆర్ పురం ఆటో ఎలక్ట్రీషియన్
దొరికింది. రిమోట్‌ని ఎప్పుడూ 12 వోల్టులుండే పసుపు వైరుకి కలిపి ఉంటారు. పాట లేకపోయినా ఆన్‌లో ఉన్న ఆంప్ ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుంది. రాత్రి 10 గంటల్లో 15 ఏహెచ్ దాకా, అంటే మీ బ్యాటరీలో దాదాపు సగం. పొద్దున సిల్క్ బోర్డు దాకా పాక్కుంటూ వెళ్ళే ట్రాఫిక్‌లో అది తిరిగి నిండదు.

డాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్సులో తాళం ఏసీసీకి (ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్టీరియో పనిచేసే స్థానం) తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు వెతకండి, 12 వోల్టుల సాకెట్‌ది చాలా కార్లలో అలాంటిదే. మీటరుతో ఆఫ్‌లోనూ ఏసీసీలోనూ చూసుకోండి. దానికి ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోటు నుంచి ఇంకో వైరు తీసేది) గుచ్చి, 2 ఆంపియర్ల ఫ్యూజుతో రిమోట్ లాగండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ ఫ్యూజుల జోలికి వెళ్ళొద్దు. కొన్ని ఆంప్‌లు స్పీకర్ వైర్లలో వచ్చే 6 వోల్టుల డీసీ చూసి వాటంతటవే ఆన్ అవుతాయి. మీదానికి అలాంటి స్విచ్ ఉంటే ఈ వైరే అక్కర్లేదు, కానీ కారు లాక్ చేశాక ఆంప్ ఆఫ్ అవుతోందా అని ఒకసారి చూసుకోండి.

రాగి తీగ
అది సరే, 8 గేజ్ మాత్రం అలా వదిలేయకండి. 4 గేజ్ ఓఎఫ్‌సీ (అసలు రాగి వైరు) లాగించి, బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపు 80 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. గ్రౌండ్ వైరూ అదే గేజ్, అర మీటరు లోపు, పెయింటు పూర్తిగా గీకి బాడీకి బిగించాలి. సీట్ బెల్ట్ బోల్టుకి మాత్రం వేయనివ్వకండి. బేస్ మోగుతుండగా ఆంప్ గ్రౌండ్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టులు దాటకూడదు.

14.4
నెగెటివ్ టెర్మినల్ మీద కరెంటు సెన్సరు ఉన్న కార్లలో ఆంప్ గ్రౌండ్ నేరుగా టెర్మినల్‌కి కట్టొద్దు. సెన్సరు అవతల, బాడీకే కట్టాలి. లేకపోతే ఎంత ఖర్చయిందో కంప్యూటరుకి తెలియక తక్కువ చార్జ్ చేస్తుంది.

కేఆర్ పురం ఆటో ఎలక్ట్రీషియన్
ఇంకొకటి. చిన్న పెట్రోల్ కార్ల ఆల్టర్నేటర్ సాధారణంగా 65 నుంచి 80 ఆంపియర్లు, అదీ ఇంజన్ స్పీడు మీదున్నప్పుడు. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో దాదాపు సగమే. ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు, ఫ్యూయల్ పంపు కలిసి దాన్ని తినేస్తాయి. అక్కడ వాల్యూమ్ తగ్గించుకోండి. ఆంప్ మీది గెయిన్ (స్టీరియో సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టేది) కూడా చూపించుకోండి, అది వాల్యూమ్ నాబ్ కాదు. ఆంప్ 2 ఓమ్‌ల దగ్గర 500 వాట్లు ఇచ్చేదైతే, స్పీకర్ వైర్లు ఊడదీసి, స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో 50 హెర్ట్‌జ్ టోన్ పెట్టి, అవుట్‌పుట్ దగ్గర 31.6 ఏసీ వోల్టులు వచ్చేదాకానే గెయిన్ తిప్పాలి. అంతకు మించితే క్లిప్ అవుతుంది (ధ్వని తరంగం కొనలు తెగుతాయి), కరెంటు ఎక్కువ లాగుతుంది, వాయిస్ కాయిల్ కాలుతుంది.

వైట్‌ఫీల్డ్ బండి
పసుపు వైరుకే కలిపారు. మార్పించా. పొద్దున 12.5 ఉంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. థాంక్స్ అన్నా.

నంది రోడ్డు
ఇందులోనే అడుగుతున్నా. నాది వేరే సమస్య, ఇంజన్ ఆపి గంటసేపు పాటలు వినాలి. అప్పుడు రెండో బ్యాటరీ సరైనదేనా?

14.4
అప్పుడు సరైనదే. సగటున 20 ఆంపియర్లు లాగితే గంటకి 20 ఏహెచ్. డిక్కీలో ఏజీఎం (నీళ్ళు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీ) మాత్రమే పెట్టండి. నీళ్ళు పోసే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, క్యాబిన్‌లో ప్రమాదం. మధ్యలో వోల్టేజి చూసి కలిపే రిలే, 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోయేది. రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజు.

బేస్ ప్రియుడు
ఏజీఎం ఎందుకు, లిథియం వేయొచ్చు కదా? సగం బరువు.

రాగి తీగ
లిథియం ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, చిన్న ఆల్టర్నేటర్ కాలిపోతుంది. కరెంటుకి హద్దు పెట్టే డీసీ టు డీసీ చార్జర్ లేకుండా వద్దు.

నంది రోడ్డు
ఆ చార్జర్ ఎన్ని ఆంపియర్లది తీసుకోవాలి?