రియాక్ట్ 19లో కస్టమ్ ఎలిమెంట్‌కి ఫంక్షన్ పంపితే ఒకటి అసలు అందట్లేదు, ఇంకొకటి అప్పుడప్పుడే అందుతోంది

ట్యాబ్‌కీ:
లిట్ లాంటి లైబ్రరీలేమీ లేకుండా మామూలు జావాస్క్రిప్ట్‌తో రాసిన టేబుల్ కస్టమ్ ఎలిమెంట్ (మనమే పేరు పెట్టి తయారుచేసుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) ఒకటి రియాక్ట్ 19 యాప్‌లో వాడుతున్నాం. దానికి పంపే ప్రాప్స్ (రియాక్ట్ నుంచి ఇచ్చే విలువలు) మూడు. 'రోస్' అనే అర్రే సర్వర్ నుంచి డేటా వచ్చాక బాగానే చేరుతోంది. 'ఆన్‌వ్యాలిడేట్' ఒక ఫంక్షన్. సెల్ మార్చగానే ఎలిమెంట్ దాన్ని పిలవాలి, ట్రూ వస్తేనే సేవ్ చేయాలి. ఎలిమెంట్‌లో అది ఎప్పుడు చూసినా నల్ (ఖాళీ). మూడోది 'ఫార్మాటర్'. పేజీ రిఫ్రెష్ చేస్తే నల్, వేరే పేజీకి వెళ్లి తిరిగొస్తే పనిచేస్తోంది. మూడూ క్లాస్‌లో ఫీల్డ్స్‌గా ఉన్నాయి. ఎలిమెంట్ ఫైల్‌ని యూజ్‌ఎఫెక్ట్‌లో (అంటే మొదటి రెండర్ అయ్యాక నడిచే కోడ్‌లో) డైనమిక్ ఇంపోర్ట్ చేస్తున్నాం. కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఎక్కడ పోతున్నాయి?

అరటిదవ్వ:
రెండూ వేరువేరు జబ్బులండీ, కలిపి చూస్తే అంతుపట్టవు.

మొదటిది పేరు తెచ్చిన తంటా. కస్టమ్ ఎలిమెంట్ మీద 'ఆన్'తో మొదలయ్యే ప్రాప్‌కి ఫంక్షన్ ఇస్తే రియాక్ట్ 19 దాన్ని ప్రాపర్టీగా (ఎలిమెంట్ ఆబ్జెక్ట్ మీది విలువగా) పెట్టదు. ముందున్న రెండు అక్షరాలు తీసేసి, మిగిలిన పేరుతో ఈవెంట్ లిజనర్ (ఆ ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) తగిలిస్తుంది. ఆ పేరుతో క్లాస్‌లో ప్రాపర్టీ ఉందా లేదా అన్న ప్రశ్న ఆ తర్వాతి సంగతి, ఫంక్షన్ అయితే అక్కడిదాకా రానే రాదు. అంటే మీ ఫంక్షన్ 'వ్యాలిడేట్' అనే ఈవెంట్ కోసం కూర్చుని ఉంది, అదీ పెద్ద 'వి'తో. ఎలిమెంట్ చిన్న 'వి'తో ఈవెంట్ పంపినా దానికి వినపడదు. పేరు చివర 'క్యాప్చర్' అని ఉంటే దాన్నీ కోసేసి క్యాప్చర్ దశలో (ఈవెంట్ పై నుంచి కిందికి దిగేటప్పుడు) వింటుంది కాబట్టి, అలాంటి పేర్లు పెట్టే కెమెరా ఎలిమెంట్లు రాసేవాళ్లు జాగ్రత్త. ప్రాప్ పేరుని 'వ్యాలిడేట్‌సెల్' అని మార్చండి, చాలు.

రెండోది సమయం సమస్య. మిగతా ప్రాప్స్‌కి రియాక్ట్ 'ఇన్' ఆపరేటర్‌తో చూస్తుంది: ఎలిమెంట్‌లో ఆ పేరుంటే ప్రాపర్టీ, లేకపోతే యాట్రిబ్యూట్ (ట్యాగ్‌లో అక్షరాలుగా రాసే విలువ). రిఫ్రెష్ చేసినప్పుడు మీ ఫైల్ ఇంకా దిగలేదు, ఎలిమెంట్ రిజిస్టర్ కాలేదు (దాని క్లాస్ బ్రౌజర్‌కి ఇంకా తెలియదు), కనుక 'ఇన్' లేదంటుంది. యాట్రిబ్యూట్‌గా ఫంక్షన్‌ని పెట్టడం కుదరదు, చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్రర్ రానిది అందుకే.

రోస్‌కి ఈ బాధ లేకపోవడం అదృష్టమే. సర్వర్ జవాబు వచ్చేసరికి ఫైల్ దిగిపోతోంది, విలువ మారింది కనుక రియాక్ట్ మళ్లీ పెడుతోంది. ఫార్మాటర్ కాంపొనెంట్ బయట రాసిన ఫంక్షన్ అయి ఉంటుంది. విలువ మారదు, రియాక్ట్ రెండోసారి ముట్టుకోదు. దాన్నే రెండర్ లోపల ఇన్‌లైన్‌గా రాసి ఉంటే తర్వాతి రెండర్‌లో చేరిపోయేది, మీకు బగ్ ఉన్నట్టే తెలిసేది కాదు.

మందు: ఎలిమెంట్ ఫైల్‌ని మెయిన్ ఫైల్‌లో, రూట్ రెండర్‌కి ముందే మామూలుగా ఇంపోర్ట్ చేయండి. సైజు ఎక్కువనిపిస్తే ఆ టేబుల్ ఉన్న కాంపొనెంట్‌ని రియాక్ట్ లేజీతో తెచ్చి, ఎలిమెంట్ ఇంపోర్ట్‌ని ఆ కాంపొనెంట్ ఫైల్‌లోనే పైన పెట్టండి. రెండూ కలిసే వస్తాయి.

నిలువుగీత:
ఎలిమెంట్ మీ చేతిలోనే ఉంది కాబట్టి దాన్నీ సరిచేయండి. రేపు ఎవరో రెఫ్ ద్వారానో (ఎలిమెంట్‌ని నేరుగా పట్టుకుని), వ్యూ అనే ఫ్రేమ్‌వర్క్‌లో పేరు ముందు డాట్ పెట్టి ప్రాపర్టీగానో విలువ ముందే ఇచ్చారనుకోండి. క్లాస్ ఫీల్డ్‌గా నల్ రాసి ఉంటే, ఎలిమెంట్ అప్‌గ్రేడ్ అయ్యేటప్పుడు (పేజీలో అప్పటికే ఉన్న ట్యాగ్‌కి క్లాస్ తగిలేటప్పుడు) కన్‌స్ట్రక్టర్ నడిచి ఆ విలువని తుడిచేస్తుంది. ఫీల్డ్ బదులు గెటర్, సెటర్ (విలువ చదివినప్పుడు, ఇచ్చినప్పుడు నడిచే కోడ్) రాసి విలువని ప్రైవేట్ ఫీల్డ్‌లో దాచండి. కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌లో (ఎలిమెంట్ పేజీలో చేరగానే నడిచే మెథడ్‌లో) 'హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ'తో చూసి, ఇన్‌స్టెన్స్ మీద విలువ అంటుకుని ఉంటే దాన్ని తీసుకుని, డిలీట్ చేసి, మళ్లీ అదే పేరుకి ఇవ్వండి. అప్పుడే సెటర్ గుండా వెళుతుంది. డిలీట్ మర్చిపోతే పాత విలువ సెటర్‌ని కప్పేస్తూనే ఉంటుంది.

గుర్తుంచుకోండి, ఇది రియాక్ట్ ప్రాప్‌గా పంపినదాన్ని కాపాడదు, ఎందుకంటే అది ఎలిమెంట్ దాకా వచ్చి ఉండదు. అరటిదవ్వ గారు చెప్పిన ఇంపోర్ట్ మార్పు ఎలాగూ కావాలి.

పచ్చిపులుసు:
అసలు వ్యాలిడేట్‌కి ఫంక్షన్ ఎందుకు? రద్దు చేయదగిన కస్టమ్ ఈవెంట్ పంపండి. విన్నవాళ్లు ప్రివెంట్‌డిఫాల్ట్ చేస్తే (అంటే వద్దంటే), ఈవెంట్ పంపే డిస్పాచ్‌ఈవెంట్ ఫాల్స్ తిరిగిస్తుంది. బబుల్స్ (పై ఎలిమెంట్లకి ఎక్కడం), కంపోజ్డ్ (షాడో డామ్ దాటడం) రెండూ ట్రూ పెట్టండి. డీఫాల్ట్‌గా రెండూ ఫాల్సే. షాడో డామ్ (ఎలిమెంట్ తనలో విడిగా దాచుకునే భాగం) లోపలి ముక్క నుంచి పంపితే కంపోజ్డ్ లేనిదే గడప దాటదు.

అరటిదవ్వ:
వెంటనే తేలే తనిఖీకి అది బాగుంటుంది. సర్వర్‌ని అడిగి తేల్చేదైతే కుదరదు. డిస్పాచ్‌ఈవెంట్ ఎవరికోసమూ ఆగదు, అవైట్ తర్వాత చేసిన ప్రివెంట్‌డిఫాల్ట్ వృథా. ఈవెంటే కావాలంటే సర్వీస్ వర్కర్‌లోని ఫెచ్ ఈవెంట్ పద్ధతి పట్టండి: ఈవెంట్‌తో పాటు వెళ్లే డీటెయిల్‌లో 'రెస్పాండ్‌విత్' అనే ఫంక్షన్ పెడితే, వినేవాళ్లు దానికి ప్రామిస్ (తర్వాత వచ్చే జవాబుకి చీటీ లాంటిది) అందిస్తారు, ఎలిమెంట్ ఆ ప్రామిస్ కోసం ఆగుతుంది. నేనైతే కబురు చెప్పడానికి ఈవెంట్, జవాబు అడగడానికి ఫంక్షన్ ప్రాపర్టీ వాడతాను.

యాంగ్యులర్‌లో ఇదే ఎలిమెంట్ వాడేవాళ్లకి ఒక మాట: క్లాస్ మెథడ్‌ని అలాగే ప్రాపర్టీగా పంపితే, ఎలిమెంట్ పిలిచేటప్పుడు 'దిస్' ఎలిమెంటే అవుతుంది, మీ కాంపొనెంట్ కాదు. యారో ఫంక్షన్‌గా రాసి పంపండి.

ట్యాబ్‌కీ:
పేరు మార్చి, ఇంపోర్ట్ పైకి తెచ్చాను. రెండూ అందుతున్నాయి. ఫార్మాటర్‌కి కరెన్సీ కూడా కావాలని కాంపొనెంట్ లోపలికి మార్చి, సెటర్‌లో టేబుల్‌ని మళ్లీ గీయిస్తున్నాను. ఇప్పుడు పక్కనున్న సెర్చ్ బాక్స్‌లో ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా టేబుల్ మొత్తం మళ్లీ గీస్తోంది.

నిలువుగీత:
ప్రతి రెండర్‌లో కొత్త ఫంక్షన్ పుడుతోంది, రియాక్ట్ దాన్ని మార్పుగా చూసి సెటర్‌ని పిలుస్తోంది. యూజ్‌కాల్‌బ్యాక్‌లో (డిపెండెన్సీలు మారేదాకా పాత ఫంక్షన్‌నే ఇచ్చేది) చుట్టి, డిపెండెన్సీ జాబితాలో కరెన్సీ ఒక్కటే పెట్టండి. జాబితా ఖాళీగా వదిలితే కరెన్సీ మార్చినా పాతదే చూపిస్తుంది. సెటర్‌లో కూడా పాత ఫంక్షన్, కొత్త ఫంక్షన్ ఒకటే అయితే వెనక్కి వెళ్లిపోయే లైన్ ఒకటి వేయండి.