పిలకా, జడా: సోమర్సెట్ మామ్ తత్వవేత్త తల మీది మాట

తెనాలి పాఠకుడు: ఇంగ్లీషు రచయిత సోమర్సెట్ మామ్ 1922 నాటి చైనా యాత్రా చిత్రాల పుస్తకం ‘ఆన్ ఎ చైనీస్ స్క్రీన్’లో ముసలి తత్వవేత్త తన జుట్టు చేతిలోకి తీసుకుని, “ఇదొక చిహ్నం. పాత చైనాకి చివరి ప్రతినిధిని నేను” అంటాడు కదా. దానికి ముందున్న “You see that I wear a queue” అన్న వాక్యాన్ని మా లెక్చరర్ తెలుగులో “నా పిలక చూశారుగా” అని చెప్పేవారు. పిలక సరైన మాటేనా?

కాకినాడ టీచర్: కాదండీ. పిలకంటే నడినెత్తిన వదిలిన నాలుగు వెంట్రుకలు. ఆయనది ముందు తల గొరిగించి, వెనక అల్లినది. అల్లితే జడే.

బందరు పాఠకురాలు: టీచర్ గారూ, అల్లికను బట్టి పేరు పెడితే మనిషి జారిపోతాడు. తెలుగులో జడ ఆడవాళ్ళది. పిలకలో నిష్ఠ ఉంది, పంతం ఉంది. ఆ పాత్రకి మూలమైన చైనా పండితుడు గు హొంగ్‌మింగ్ ఇప్పటి మలేసియాలోని పినాంగ్‌లో పుట్టాడు. 1877లో ఎడింబరోలో ఎమ్మే చేశాడు. గ్రీకు, లాటిన్, జర్మన్ చదివి వచ్చి, కోరి ఆ జుట్టు పెంచుకున్నాడు. చైనా అంతా కత్తిరించేసుకున్నాక కూడా తియ్యలేదు. ఆ పట్టుదలని జడ మోయలేదు.

కాకినాడ టీచర్: మామ్ ఎక్కడా గు పేరు చెప్పలేదమ్మా. తత్వవేత్త చదివింది బెర్లిన్, ఆక్స్‌ఫర్డ్‌లలో. ఉండేది ఓ దూరపు నగరంలో. పోలిక ఒప్పుకుంటాను, కానీ గు జీవితాన్ని తెచ్చి ఈ వాక్యానికి అర్థం చెప్పలేం.

వరంగల్ మిత్రుడు: అసలు ‘చిహ్నం’ దేనికి? ఆ జడ చైనాలో ఎక్కువమందైన హాన్ చైనీయులది కాదు. 1645లో, ఉత్తరాది నుంచి వచ్చి చైనాని గెలిచిన మంచూ పాలకులు మగవాళ్ళందరి మీదా రుద్దారు. ముందు తల గొరిగించకుండా జుట్టు ఉంచుకుంటే తల పోయేది. పాలించినవాడు పెట్టిన గుర్తు కొన్ని తరాలకి సొంత సంస్కృతి అయిపోయింది. పిలక అంటే ఈ చరిత్రంతా చెరిగిపోయి, మనకి తెలిసిన ఆచారమే మిగులుతుంది. తూర్పు పడమరల మధ్య నలిగినవాడంటే పాతదాన్ని పట్టుకున్న ముసలాయనే అని మామ్ తేల్చేశాడు. అదే కాలంలో చైనా రచయిత లూ షున్ ‘ఆ క్యూ’ అనే మనిషి కథలో జపాన్ వెళ్ళి జడ పోగొట్టుకుని వచ్చి, ఊళ్ళో పెట్టుడు జడతో తిరిగే పెద్దింటి కుర్రాణ్ణి చూపించాడు. కథానాయకుడు ఆ క్యూ ఆ కుర్రాణ్ణి నకిలీ విదేశీ దయ్యం అంటాడు. లూ షున్ కూడా 1903లో జపాన్‌లోనే జడ తీయించుకున్నాడు. లోపలివాడికే అందే చూపు అది.

బందరు పాఠకురాలు: మామ్‌ని అంత తక్కువ చేయకండి. మామ్ దిగిన ఇంటాయన చీటీ పంపి రమ్మంటే తత్వవేత్త రాలేదు. మామ్ మర్యాదగా ఉత్తరం రాస్తేనే రమ్మన్నాడు. సైగ చేస్తే మేం వచ్చెయ్యాలనుకుంటారు మీవాళ్ళు అని మొహం మీదే అన్నాడు. చివర తన పద్యాలు రెండు రాసిస్తూ, చైనా ఇంకా అనాగరికంగా ఉన్న రోజుల్లో చదువుకున్నవాళ్ళంతా పద్యం అందంగా చెప్పగలిగేవారు అంటాడు. తర్వాత అనువాదం చేయిస్తే అవి ప్రేమ పద్యాలు! నువ్వు ప్రేమించనప్పుడు నీ గొంతు తీయన, ప్రేమించాక చేదు అని. ఆఖరి మాట ఆయనకే దక్కింది.

వరంగల్ మిత్రుడు: ఆ పద్యం చైనీస్ మూలం పుస్తకంలో లేదు. ఇంగ్లీషు చదివితే నాకు చైనా కవి లి షాంగ్‌యిన్ గుర్తొస్తాడు. తొమ్మిదో శతాబ్దంలోనే అన్నాడు, పట్టుపురుగు చచ్చేదాకా దారం తీస్తూనే ఉంటుందని, కొవ్వొత్తి కాలి బూడిదయ్యాకే దాని కన్నీళ్ళు ఆరతాయని. చైనీస్‌లో పట్టుదారానికీ తలపుకీ పలుకు ఒకటే, ‘స్స’. ఆ ఒక్క అక్షరంలో ప్రేమంతా పెట్టాడు మహానుభావుడు. ఏ అనువాదానికీ అందడు.

కాకినాడ టీచర్: నిజమే, ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. అయితే దాంట్లో ఆ పలుకుకి తలపు అర్థం కూడా చెప్పుకుంటాం, పైకి ఉన్నది పట్టుదారమే. ఇక్కడా అంతే, పైకి ఉన్నది జడ.

తెనాలి పాఠకుడు: పిలక, జడ సంగతి అలా ఉంచండి. “చూశారుగా”లో ఆ ‘గా’ ఉండాలా?

బందరు పాఠకురాలు: ఉండకూడదు. అందులో చనువుంది. మర్యాదైన ఉత్తరం వచ్చేదాకా గుమ్మం తెరవని మనిషి, ఎదుటివాడితో చనువుగా మాట్లాడడు. “చూస్తున్నారు కదా, నాకు పిలక ఉంది” అంటాడు.

కాకినాడ టీచర్: “జడ ఉంది” అంటాడు.